వెయ్యి గంటల లెక్కలో లేని పిల్లలు

సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం నాలుగున్నరకు నేను తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంటికి పాఠం చెప్పడానికి వెళతాను. నేను వెళ్ళేసరికి ఆ ఇంటి పిల్లవాడు బడి యూనిఫారం వేసుకుని, తడి చేసి దువ్విన తలతో, కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఉంటాడు. మిగిలిన రోజుల్లో బనియనుతో ఉండే ఆ పిల్లవాడు ఈ మూడు రోజులూ యూనిఫారమే కావాలని పట్టుబడతాడట. వాళ్ళమ్మ ఉన్న రెండు జతలనూ ఉతికి ఇస్త్రీ చేసి సిద్ధంగా ఉంచుతుంది. నేను చెప్పులు విడిచి లోపలికి రాగానే ఆమె ఒక తువ్వాలును నాలుగు మడతలు వేసి అతని కుడి మోచేతి కింద పెడుతుంది. ఒక మడత తగ్గితే చెయ్యి పలక మీదికి అందదు, ఒక మడత పెరిగితే భుజం నొప్పి పుడుతుంది. పెన్సిలు జారకుండా దానికి సైకిలు ట్యూబు ముక్క చుట్టి లావు చేశాము. పుస్తకంలో పేజీ తిప్పాలంటే పెన్సిలు వెనుక ఉన్న రబ్బరును కాగితం మీద ఆనించి, మెల్లగా తన వైపు లాగి, లేచిన అంచు కిందికి బొటనవేలు తోస్తాడు. ఒక్క పేజీకి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషమూ చెయ్యి అడ్డం పెట్టకుండా కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది.

అతనికి ఉన్నది డుషేన్ రకం కండరాల క్షీణత. డిస్ట్రోఫిన్ అనే ప్రొటీను శరీరంలో తయారు కాకపోవడం వల్ల వచ్చే ఈ జబ్బు దాదాపుగా మగపిల్లల్లోనే కనిపిస్తుంది. మూడు నుంచి ఐదేళ్ళ వయసులో తరచుగా పడిపోవడం, మెట్లెక్కలేకపోవడం, నేల మీద నుంచి లేచేటప్పుడు తన తొడల మీద తానే చేతులు ఊనుకుని లేవడం వంటి గుర్తులతో మొదలై, పన్నెండేళ్ళ ప్రాంతానికి నడక ఆగిపోతుంది. ఈ పిల్లవాడికి ఇప్పుడు పదమూడేళ్ళు. పదకొండో ఏట కుర్చీలోకి వచ్చాడు. తండ్రి ఆటో నడుపుతాడు. తల్లి ఇంట్లోనే పూలు కట్టి గోవిందరాజస్వామి గుడి దగ్గర అమ్మేవాళ్ళకు వేస్తుంది. 2024 జూలై నుంచి తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది కనుక ఆ ఇంట్లో మందులకు, ఫిజియోథెరపీకి మునుపటి ఇబ్బంది లేదు. ఇబ్బంది ఉన్నది చదువు దగ్గర.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. విరమణ చేసిన ఏడాదే, భవిత కేంద్రంలో రిసోర్సు టీచరుగా పనిచేస్తున్న నా పాత శిష్యురాలు ఒకామె ఫోన్ చేసి, "సార్, ఒక పిల్లోడు లెక్కలు చెప్పేవాళ్ళు లేరని ఏడస్తా ఉండాడు, మీరు ఒక్కసారి వచ్చి చూడండి" అని అడిగింది. భవిత కేంద్రాలంటే ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో నడిచే కేంద్రాలు. రాగలిగిన పిల్లలు అక్కడికి వస్తారు, రాలేనివారి ఇళ్ళకు టీచర్లే వెళ్ళాలి. నేను చూసినంతలో ఒక్కో కేంద్రానికి ఒకరో ఇద్దరో ఉంటారు. కేంద్రంలో కూర్చోవలసింది వాళ్ళే, బళ్ళు తిరగవలసింది వాళ్ళే, వైద్య శిబిరాలకు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళవలసిందీ, ప్రతి పిల్లవాడి వివరాలూ ఆన్‌లైన్‌లో ఎక్కించవలసిందీ వాళ్ళే. అవన్నీ అయ్యాక మిగిలిన పొద్దులో, సొంత డబ్బుతో పెట్రోలు పోసుకుని, ఇంటింటికీ వెళతారు. నా శిష్యురాలు ఈ పిల్లవాడి దగ్గరకు వారానికి ఒకసారి వచ్చి గంట ఉండేది. ఆ గంటలో సగం కాళ్ళకూ చేతులకూ వ్యాయామం చేయించడానికి, సగం చదువుకు సరిపోయేది. ఆమె శ్రద్ధలో నేను ఏ లోపమూ చూడలేదు. లోపమంతా ఆమెకు అప్పగించిన పని లెక్కలోనే ఉంది.

ఆ లెక్క గురించే నేను ఈ రోజు రాయాలనుకున్నాను.

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాని చివర ఒక షెడ్యూలు ఉంటుంది. బడికి ఎన్ని గదులుండాలి, ఎంతమంది పిల్లలకు ఎంతమంది టీచర్లుండాలి, మరుగుదొడ్లు, తాగునీరు, ఆట స్థలం, ప్రహరీ గోడ, గ్రంథాలయం ఎట్లా ఉండాలి అని అందులో వరుసగా రాసి ఉంటుంది. అదే వరుసలో బోధన గంటలు కూడా ఉన్నాయి: 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటలు, 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు, 1000 గంటలు. అంటే ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఒక ఏడాదిలో ఇవ్వవలసిన చదువు 1000 గంటలని చట్టమే కొలిచి చెప్పింది. నేను ఒక నోటు పుస్తకంలో తేదీ, పాఠం మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం రాసుకుంటాను. గత విద్యా సంవత్సరంలో జ్వరాలు, ఆసుపత్రి రోజులు, నా సొంత పనులు పోగా నేను చెప్పిన పాఠం 112 గంటలు. రిసోర్సు టీచరు వచ్చిన గంటలు కలిపినా 140 దాటలేదు. నాలాంటి ఖాళీగా ఉన్న ముసలి టీచరు ఆ వీధికి దగ్గరలో లేకపోయి ఉంటే ఆ పిల్లవాడికి దక్కేవి ముప్ఫై గంటలకు లోపు.

ఇక ఇంటి దగ్గర చదువు గురించి చట్టం ఏమంటుందో చూద్దాము. మొదట వచ్చిన చట్టంలో దాని ప్రస్తావన లేదు. 2012లో సవరణ చేసి, బహుళ వైకల్యాలు గానీ తీవ్ర వైకల్యం గానీ ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువును ఎంచుకునే హక్కు కూడా ఉంటుందని చేర్చారు. ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. ఎంచుకునే హక్కు పిల్లవాడిది, అతని తల్లిదండ్రులది. పంపించివేసే హక్కు బడికి ఎక్కడా ఇవ్వలేదు. అయితే ఎంచుకున్న తరువాత ఆ ఇంటి చదువు ఏడాదికి ఎన్ని గంటలుండాలో షెడ్యూలులో చేర్చలేదు. బడి రికార్డులో ఈ పిల్లవాడి పేరు ఉంది, పేరుకు ఎదురుగా ఇంటి దగ్గర చదువుతున్నాడని గుర్తు ఉంది, పుస్తకాలూ సంచీ యూనిఫారమూ సమయానికి ఇంటికి వస్తాయి. పై అధికారులు అడిగే ప్రశ్న బడి బయట ఎవరైనా ఉన్నారా అన్నది ఒక్కటే కాబట్టి, ఆ ప్రశ్నకు జవాబు లేరనే వస్తుంది. ఎన్ని గంటలు చెప్పారు అని అడిగే గడి ఆ కాగితాల్లో నాకు కనబడలేదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఒక్క పిల్లవాడికి ఎదురుగా కూర్చుని చెప్పే గంట, తరగతిలో చెప్పే గంట సమానం కావు. నలభై మంది ఉన్న తరగతిలో నలభై ఐదు నిమిషాల పీరియడును పంచితే తలా ఒక నిమిషం కన్నా కొంచెం ఎక్కువ పడుతుంది. ఇంటి దగ్గర గంటలో పిల్లవాడి ఆలోచన ఎక్కడ ఆగిందో అక్కడే ఆగి చూడవచ్చు. అతని పదకొండో ఏట భిన్నాలు చెబుతున్నప్పుడు జరిగింది ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. వాళ్ళమ్మ పక్కన కూర్చుని కనకాంబరాలు కడుతూ ఉంది. మూరలో సగం, మూరలో పావు అని నేను ఆమె మాలతోనే చెప్పుకుంటూ పోతుంటే, అతను నన్ను ఆపి, "మాయమ్మ మూర, నా మూర ఒకటి కాదు గదా సార్, కొనేవాళ్ళు ఎట్లా ఒప్పుకుంటారు?" అని అడిగాడు. చెయ్యి ఎత్తలేడు కనుక వాళ్ళమ్మే దారాన్ని అతని మోచేతి నుంచి మధ్యవేలి కొన దాకా పరిచింది. ఆమె 4 మూరలు అతని 5 మూరలకు సరిపోయాయి. అక్కడి నుంచి నిష్పత్తికి వెళ్ళాము, నిష్పత్తి నుంచి మీటరు ఎందుకు పుట్టవలసి వచ్చిందో మాట్లాడుకున్నాము. మరుసటి పాఠం నాటికి అతను తల్లి మూర ఒకటయితే తన మూర ఎంతో, తన మూర ఒకటయితే తల్లి మూర ఎంతో రెండు భిన్నాలు రాసి ఉంచాడు. అయిదింట నాలుగు, నాలుగింట అయిదు. తరగతి గదిలో ఆ ప్రశ్న అడిగి ఉంటే నేను బహుశా "తరువాత చెబుతాను, కూర్చో" అనేవాణ్ణి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అట్లా ఎంతమందిని కూర్చోబెట్టానో తలుచుకుంటే బాధగా ఉంటుంది.

కాబట్టి ఇంటి చదువుకు కూడా వెయ్యి గంటలే కావాలని నేను అనను. ఆ శరీరం అంత ఓర్వదు; ఇరవై నిమిషాలకు ఒకసారి ఆపి వెనక్కి వాలనివ్వాలి. అయితే ఏదో ఒక అంకె ఉండాలి. 250 గంటలని రాయనివ్వండి, 300 అని రాయనివ్వండి. ప్రతి పిల్లవాడి పేరు పక్కన ఇవ్వవలసిన గంటలు ఇన్ని, ఇచ్చినవి ఇన్ని అని రాసే ఏర్పాటు వస్తే, ఒక్క రిసోర్సు టీచరు నెత్తిన ఎంత మోపారో ఆ కాగితం మీద ఎవరికైనా కనిపిస్తుంది. మనుషులు కూడా దొరకని ప్రాంతం కాదు మనది. కార్వేటినగరంలో టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్ సంస్థ ఉంది, తిరుపతి చుట్టూ బీఈడీ కళాశాలలు ఉన్నాయి. శిక్షణలో ఉన్నవాళ్ళు బోధనాభ్యాసం కింద బడులకు వెళ్ళే వారాల్లో కొన్నింటిని ఇంటి దగ్గర చదివే పిల్లల కోసం లెక్కగడితే, వారికీ వీరికీ మేలు. పదవీ విరమణ చేసిన టీచర్లు ఈ ఊళ్ళో ఏ వీధిలో లేరు? దారి ఖర్చులిచ్చి అడిగితే వచ్చేవాళ్ళు నాకు తెలిసే పదిమంది ఉన్నారు.

అసలు ఈ పిల్లవాడు బడికి రాలేని స్థితికి ఎట్లా వచ్చాడో కూడా చెప్పాలి. జబ్బు ఒక్కటే అతన్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు. నాలుగో తరగతిలో ఉండగా అతను అప్పుడు చదువుతున్న బడి మెట్ల మీద పడ్డాడు. ఆ తరగతి రెండో అంతస్తులో ఉండేది. మరునాడు తండ్రిని పిలిపించి, మళ్ళీ ఏమైనా జరిగితే మేము బాధ్యులం కాము, టీసీ తీసుకువెళ్ళండి అన్నారట. ఆయన తీసుకువచ్చాడు. "వాళ్ళు చెప్పింది గూడా నిజమే అనిపించింది సార్ నాకు, పిల్లోడు పడితే ఎవురు చూస్తారు" అని ఆయన నాతో అన్నాడు. పది నెలలు ఆ పిల్లవాడు కిటికీ దగ్గర కూర్చుని, పొద్దున తొమ్మిదికి బడికి పోయే పిల్లల్ని, సాయంత్రం నాలుగుకు తిరిగి వచ్చే పిల్లల్ని చూస్తూ గడిపాడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య పొందే హక్కు ఉంది. దగ్గరలోని బడిలో చదవాలా, ప్రత్యేక పాఠశాలలో చదవాలా అన్నది వారి ఇష్టం. కండరాల క్షీణత ఆ చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఉంది. అదే చట్టం విద్యా సంస్థలు తమ భవనాలను ఇటువంటి పిల్లలు మసలగలిగేటట్టు ఉంచాలని చెబుతుంది. ఆ రోజు చట్టం దాకా కూడా వెళ్ళనక్కరలేదు. నాలుగో తరగతిని కింది అంతస్తులోకి మార్చి, కిందనున్న ఇంకొక తరగతిని పైకి పంపించి ఉంటే సరిపోయేది. ఇంకో రెండేళ్ళు ఆ పిల్లవాడు స్నేహితుల మధ్య కూర్చుని చదివేవాడు. ఇంటి చదువు బాగుపడాలని ఎంత కోరుకుంటానో, బడి వాళ్ళు వాలుబాట కట్టడం తప్పించుకోవడానికి దాన్ని వాడుకోకూడదని అంతే గట్టిగా కోరుకుంటాను.

వేరుగా ఉండే ఏర్పాట్లన్నీ తక్కువవని నా అభిప్రాయం కాదు. తిరుపతిలోనే తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బధిరుల పాఠశాల ఉంది. వినిపించని పిల్లవాడికి తనలాగే సైగల భాషలో మాట్లాడే పిల్లలు, పెద్దలు చుట్టూ ఉండడమంటే భాష దొరకడమే. తోటివారి మాట ఒక్కటీ అందని మామూలు తరగతిలో చివరి బెంచీ మీద కూర్చోబెట్టి, కలిసి చదువుతున్నాడని రాసుకోవడం కన్నా అది ఎంతో మెరుగు.

ఇంటి చదువులో నేను తీర్చలేనిది తోటివాళ్ళు లేని కొరత. ఒకరోజు అతను నన్ను, "హాజరు పిలిచేటప్పుడు నా పేరుకు ముందు ఎవరి పేరు వస్తుంది సార్?" అని అడిగాడు. ప్రస్తుతం అతని పేరు ఉన్న ప్రభుత్వ పాఠశాలకు వెళ్ళి ప్రధానోపాధ్యాయురాలిని కలిసి ఆ మాట చెప్పాను. ఆమె మరుసటి ఆదివారమే ఆ పేరు గల పిల్లవాణ్ణి, వాడి స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. అప్పటి నుంచి ఆ ఇద్దరూ దాదాపు ప్రతి ఆదివారమూ వచ్చి నేల మీద సుద్దముక్కతో గీత గీసి పులీ మేకా ఆడతారు. కుర్చీలోని పిల్లవాడు ఏ రాయిని ఎటు జరపాలో నోటితో చెబుతాడు, వాళ్ళు జరుపుతారు. మేకల పక్షాన అతను ఓడిపోవడం నేను ఇంతవరకు చూడలేదు.

జబ్బు కొన్నాళ్ళకే పరిమితమైన పిల్లల సంగతి ఇంకా సన్నగా జారిపోతుంది. చిత్తూరులో ఒక అమ్మాయి, నా మిత్రుడి మనుమరాలు, ఆరో తరగతిలో ఉండగా రక్త క్యాన్సరు వచ్చి వేలూరుకు వైద్యానికి తిరిగింది. ఆ చికిత్స రెండు మూడేళ్ళు సాగుతుంది. తెల్ల రక్తకణాలు పడిపోయిన వారాల్లో బయటివాళ్ళు ఎవరూ దగ్గరకు పోకూడదు, గుంపులోకి అసలే పోకూడదు. రక్త వ్యాధుల్లో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఆ 21 వైకల్యాల జాబితాలో ఉన్నాయి గానీ రక్త క్యాన్సరు లేదు. అందువల్ల ఇంటి దగ్గర చదువుకు ఆ దారిన హక్కు లేదు. ఆ అమ్మాయికి నేను ఫోనులో వీడియో కాల్ పెట్టి బీజగణితం చెప్పాను. మందు ఎక్కించిన మూడు రోజులు మానేసేవాళ్ళం, నాలుగో రోజు పావుగంటతో మొదలుపెట్టేవాళ్ళం. ఆమె ఇప్పుడు తొమ్మిదో తరగతిలో, తన ఈడు పిల్లలతోనే ఉంది. ఒక ఏడాది వెనక్కి పోకుండా ఉండడానికి ఆమెకు కావలసి వచ్చింది వారానికి మూడు గంటలు, ఒక ఫోను.

శరీరం బాగున్నా బడికి పోలేని పిల్లలున్నారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు మేము కొందరం ఆదివారాల్లో స్వర్ణముఖి ఒడ్డున ఒక ఇటుక బట్టీ దగ్గర పిల్లలకు చదువు చెప్పేవాళ్ళం. చలికాలంలో అడ్వాన్సు తీసుకుని వచ్చే కుటుంబాలు ఎండాకాలం చివర వెనక్కి పోతాయి. సత్యవేడు వైపు నుంచి వచ్చిన ఒక యానాది కుటుంబంలో తొమ్మిదేళ్ళ పాప ఉండేది. పెద్దవాళ్ళు అచ్చు పోస్తుంటే ఆ పాప ఎండిన పచ్చి ఇటుకలను ఒకటొకటిగా తిప్పి పక్కకు నిలబెట్టేది. ఊళ్ళో బడి రిజిస్టరులో ఆమె పేరు ఉంది, పిల్ల ఇక్కడ ఉంది. దగ్గరి బడిలో చేర్చబోతే టీసీ కావాలన్నారు. విద్యా హక్కు చట్టం ఐదో సెక్షను, టీసీ ఆలస్యమైందన్న కారణంతో పిల్లల్ని చేర్చుకోకుండా ఉండరాదని చెబుతుందని ఆ పుట తెరిచి చూపిస్తే గానీ చేర్చుకోలేదు. చేరిన మూడు నెలలకే కుటుంబం వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది మళ్ళీ వచ్చినప్పుడు ఆమె అదే రెండో తరగతి పుస్తకం మొదటి పాఠం మూడోసారి చదువుతోంది.

ఇందుకు జవాబు అప్పటి మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఎప్పుడో తయారైంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో, జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన పాఠశాలకు అనుబంధంగా, చుట్టుపక్కల పల్లెల కోసం ఒంటి టీచరు బడులు నడిపారు. అక్కడ పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, కార్డుల వరుసను నిచ్చెనలాగా గోడ మీద పెట్టారు. ప్రతి పిల్లవాడూ తాను నిచ్చెన మీద ఏ మెట్టు దగ్గర ఉన్నాడో తానే చూసుకుని, తన కార్డు తానే తీసుకుంటాడు. టీచరు సాయం కావలసినవాళ్ళు ఒక చోట, తోటి పిల్లల సాయంతో చేసుకునేవాళ్ళు ఒక చోట, తమంతట తాము చేసుకోగలవాళ్ళు ఇంకొక చోట కూర్చుంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వెళ్ళి చూసినప్పుడు, వేరుశనగ కోతలకు నెల రోజులు మానేసిన ఒక పిల్లవాడు తిరిగి వచ్చి, ఎవరినీ అడగకుండా, గోడ దగ్గరకు వెళ్ళి, తాను వదిలిన మెట్టు మీద వేలు పెట్టి, ఆ తరువాతి కార్డు తీసుకుని కూర్చున్నాడు. మానేసిన నెలకు శిక్ష పడలేదు, మొదటికి రాలేదు. మైసూరు జిల్లా టీచర్లు 1995లో వచ్చి చూసి కర్ణాటకలో నలి కలి పేరుతో, 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లో ఇంకొక పేరుతో ఈ పద్ధతినే తీసుకువెళ్ళారు. మేము బట్టీ దగ్గర ఆ నమూనాలో అట్టముక్కల మీద కార్డులు రాసుకున్నాము. ఆ పాప వెళ్ళేటప్పుడు ఆమె ఎక్కిన మెట్టు వరకు గీసిన నిచ్చెన కాగితాన్ని మడిచి తల్లి చేతికి ఇచ్చాము. మూడో ఏడాది ఆ కాగితం ప్లాస్టిక్ సంచిలో భద్రంగా వెనక్కి వచ్చింది.

బడిలో ఎన్నడూ చేరనివారికి, మధ్యలో మానినవారికి వయసుకు తగిన తరగతిలో చేరేందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చట్టం నాలుగో సెక్షను చెబుతుంది. దాని కాలం మూడు నెలలకు తగ్గకుండా, రెండేళ్ళకు మించకుండా ఉండాలని కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ఉంది. ఆ పాప అటువంటి శిక్షణ పూర్తి చేసి ఆరో తరగతికి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేరింది. 2004లో మొదలైన ఆ విద్యాలయాల్లో ఉండడానికి వసతి కూడా ఉంటుంది కనుక, తల్లిదండ్రులు ఎక్కడి బట్టీకి పోయినా ఆమె చదువు ఒకే చోట సాగింది.

ఇప్పుడు కొర్లగుంట పిల్లవాడి ముందు ఒక నిర్ణయం ఉంది. పద్నాలుగేళ్ళు నిండితే ఓపెన్ స్కూలులో పదో తరగతికి చేరవచ్చు. మన రాష్ట్రంలో 1991 నుంచి సార్వత్రిక విద్యాపీఠం ఉంది, జాతీయ స్థాయిలో 1989లో మొదలైన ఓపెన్ స్కూలు ఎన్‌ఐఓఎస్ ఉంది. ఎన్‌ఐఓఎస్‌లో చేరితే ఐదేళ్ళ వ్యవధి, తొమ్మిది సార్లు పరీక్ష రాసే అవకాశం ఉంటాయి. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది. అంటే ఒక విడతలో గణితం, తెలుగు మాత్రమే రాసి, ఊపిరి తిప్పుకుని, ఆరు నెలలకు ఇంకొకటి రాయవచ్చు. అలసిపోయే శరీరానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు నాకు తెలియదు. అయితే అక్కడ కూడా పాఠం చెప్పే తరగతులకు ఆ కేంద్రానికి వెళ్ళవలసిందే. ఇంటికి వచ్చి చెప్పేవాళ్ళు వేరే దొరకాలి. నేను ఓపెన్ స్కూలు వైపే మొగ్గుతున్నాను. అతను మాత్రం మామూలు పదో తరగతే రాస్తానంటున్నాడు, ఆ ఇద్దరు స్నేహితులతో పాటు, వాళ్ళ హాల్‌టికెట్టు లాంటి హాల్‌టికెట్టుతో. పరీక్ష రాసేది అతను కాబట్టి, నా మొగ్గు పక్కన పెట్టి దానికే సిద్ధం చేస్తున్నాము.

చెయ్యి ఇప్పుడు ఒక పేజీకి మించి రాయనివ్వడం లేదు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి విద్యార్థులు రాసిపెట్టేవారి సాయం తీసుకోవచ్చు, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. సమయం దొరుకుతుంది గానీ, గణితాన్ని నోటితో చెప్పి రాయించడం వేరే విద్య. దాన్ని ఎవరూ నేర్పరు. పక్కింట్లో ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి నోటు పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది, ఇతను చెబుతాడు. మొదటి రోజు అతను "ఎక్స్ రెండు" అంటే ఆమె రెండు ఎక్స్ అని రాసింది, అతని మనసులో ఉన్నది ఎక్స్ వర్గం. "రూట్ ఏ ప్లస్ బీ" అంటే ఆమె రూటు గీతను ఏ మీద ఆపేసింది, అతనికి బీ మీదికి కూడా కావాలి. ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారు. చివరికి వాళ్ళే ఒక ఒప్పందానికి వచ్చారు. రూటు మొదలయ్యే చోట అతను "గొడుగు తెరువు" అంటాడు, అయిపోయిన చోట "గొడుగు మూయి" అంటాడు. భిన్నానికి "మేడ మీద", "మేడ కింద" అని చెప్పుకుంటారు. పోయిన శుక్రవారం పైథాగరస్ సిద్ధాంతం మీద ఒక లెక్కను మొదటి నుంచి చివరి దాకా అట్లా చెప్పించి రాయించాడు. పదకొండు నిమిషాలు పట్టింది, రెండు చోట్ల గొడుగు మూయడం మరిచిపోయాడు. సోమవారం అదే లెక్క మళ్ళీ చేస్తాము.